తిప్పక్క పందిట్లోకి వచ్చిన రోజు

పోయిన వారం మా మనవరాలి బడికి కోలాటానికి కొత్త కోలలు వచ్చాయి. కొయ్య ఎండిపోయి ఉంది, అట్లాగే కొట్టుకుంటే చీలిపోతుంది కాబట్టి ఆముదం రాసిస్తానని ఇంటికి తెప్పించుకున్నాను. గుడ్డను నూనెలో అద్ది మొదటి కోలకు రాశానో లేదో, ఆ వాసనకు నా అరచేతులు చెమట పట్టాయి. ఎనభైకి దగ్గర పడిన మనిషికి ఆముదం వాసనకు చెమటలేమిటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ వాసన వస్తే నాకు తిప్పక్క గుర్తొస్తుంది, తిప్పక్క గుర్తొస్తే పెనుకొండలో ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూపించడానికి ఒక్క ఫొటో కూడా లేదు. అందుకే రాస్తున్నాను.

యాభైల నాటి సంగతి. ధర్మవరంలో మాది మగ్గాల వీధి. మా నాయన పగలంతా పట్టుచీరలు నేసి, శనివారం సాయంత్రం వీధి చివరి భజన మందిరంలో హార్మోనియం వాయించేవాడు. మా భజన సమాజానికి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్లలోనూ మనుషులుండేవారు. ఏడాదికొకసారి అందరూ పెనుకొండ కొండ కింద పందిరి వేసి ఏకాహం చేసేవారు. ఒక రోజు పొద్దున మొదలైన భజన మరునాటి మధ్యాహ్నం పల్లకీ లేచేదాకా ఆగకూడదు. గొంతులు మారుతాయి, తాళం మాత్రం తెగదు. చివర్లో దేవుడి పటం ముందు జడ కోలాటం ఆడేవారు.

జడ కోలాటం చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. పందిరి దూలానికి ఎనిమిది తాళ్లు వేలాడదీస్తారు. ఎనిమిది మంది తలా ఒక తాడు ఎడమచేత, ఒక కోల కుడిచేత పట్టుకుంటారు. నలుగురు ఒకవైపు, నలుగురు వాళ్లకు ఎదురుగా తిరుగుతారు. మొదట ఎదురైన మనిషిని లోపలివైపు నుంచి, రెండో మనిషిని బయటివైపు నుంచి దాటుకుంటూ పోతుంటే పైన తాళ్లు జడలాగా అల్లుకుంటాయి. సగం పాటయ్యాక అందరూ వెనుదిరిగి వచ్చిన దారినే పోతే ఆ జడ విడిపోతుంది. ఒక్కరు ఒక్కచోట తప్పినా విడదు. మా సమాజంలో జడ విడితేనే పల్లకీ లేవాలి. తాడు కోయడమనే మాటే లేదు.

తిప్పక్క మా పక్కింట్లో ఉండేది. హిందూపురం అవతల ఏదో పల్లెలో పుట్టి, పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే ధర్మవరంలో అన్న ఇంటికి వచ్చి చేరింది. ముప్పై ఏళ్లుంటాయేమో. అన్న మగ్గానికి కండెలు చుట్టిపెట్టడం ఆమె పని. చేత్తో రాట్నం తిప్పుతూ, కాలితో నేల మీద తాళం వేస్తూ ఉండేది. ఒకరోజు నేను వాళ్ల గుమ్మంలో నిలబడి ఆ తాళానికి గెంతుతుంటే రాట్నం ఆపింది. “ఏమే, కాలు బాగనే పడతాండాదే నీకు. మా అమ్మ ఊర్లో ఆడోళ్లే జడ కోలాటం ఆడేది. నేర్చుకుంటావా?” అని అడిగింది. నాకప్పుడు పన్నెండేళ్లు. మా ఊళ్లో అప్పటిదాకా మగవాళ్లే ఆడేవారు.

ఇది విని నాయనకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. సమాజం పెద్ద గుండప్ప గారి దగ్గరికి వెళ్లి, ఈసారి ఏకాహానికి ఆడపిల్లలు ఆడతారని చెప్పి వచ్చాడు. గుండప్ప గారు చెడ్డ మనిషేమీ కాదు, మా అందరికీ బెల్లంముక్కలు పెట్టేవారు. ఆలోచించి ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. “పిల్లలు ఆడితే ఆడనీలే. ఆయమ్మ మాత్రం పందిట్లోకి రాకూడదు, కోల ముట్టకూడదు. మొగుడు పోయిన మనిషి. ఏదన్నా అయితే జనం ఆయమ్మనే అంటారు, చెప్తాండా.” నాయన ఆ మాట తెచ్చి చెప్పినప్పుడు తిప్పక్క తల ఊపి, “సరేలేప్పా, నోరుండాది కదా నేర్పేకి” అంది.

నిజంగానే నోటితోనే నేర్పింది. వీధిలోంచి ఎనిమిది మంది ఆడపిల్లలం చేరాం. ముందు వారం రోజులు మాకు కోలలే ఇవ్వలేదు. కిటికీ కమ్మీకి ఎనిమిది పాత పోగులు కట్టి, చేతులతో జడ అల్లించింది, విప్పించింది. “చేతులకు తెలిసినాంక కాళ్లకు చెప్పచ్చు” అనేది. తర్వాత తాను ముట్టకుండా మా కోలలకు మాచేతనే ఆముదం రాయించింది. పెరట్లో వేపకొమ్మకు తాళ్లు కట్టాం. తాను మాత్రం అరుగు మీదే కూర్చుని, “లోన, బయట, లోన, బయట” అని అరిచేది. మేం పైన తాళ్లను చూస్తూ ఒకరినొకరు గుద్దుకుంటే, “పైన ఏముండాది మే చూసేకి? ఎదురొచ్చే పిల్ల మొగం చూడండి. మొగం చూస్తే దారి తెలుస్తాది” అనేది. తప్పు జరిగితే ఎవరు చేశారని ఎప్పుడూ అడిగేది కాదు, యాడ తప్పింది అని అడిగేది. ఇరవై రోజులకు మొదటిసారి జడ పూర్తిగా అల్లుకుని, పూర్తిగా విడింది. ఎనిమిది మందిమీ తాళ్లు వదిలేసి ఎందుకో తెలియకుండా నవ్వాం, నవ్వలేక కూర్చుండిపోయాం. తిప్పక్క అరుగు మీంచి దిగలేదు. కానీ ఆమె కాళ్లు రెండూ అరుగంచున ఆడుతూనే ఉన్నాయి.

ఏకాహానికి రైల్లో పోతుండగా నాయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు. “నేను మాటిచ్చినా పాపా. మీరు తప్పితే మీకేం కాదు. ఆయమ్మను బతకనీరు.” ఆ మాట చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో. పెనుకొండ స్టేషన్ వచ్చేదాకా లోన, బయట అని వేళ్ల మీద లెక్కపెడుతూనే ఉన్నాను.

మరునాడు మధ్యాహ్నం పందిరి కింద మూడు ఊళ్ల జనం. ఎండకు కొండరాళ్ల మీంచి వేడిగాలి కొడుతోంది. నాయన హార్మోనియం ముందు, గుండప్ప గారు పటం పక్కన. తిప్పక్క పందిరి బయట, తాటాకుల అంచుకు ఒక అడుగు అవతల, ఎండలో నిలబడింది. పాట ఎత్తుకున్నారు, మేం కదిలాం. మొదటి రెండు చుట్లు ఒళ్లు తేలిపోయింది. గజ్జెలు, కోలలు, తాళాలు అన్నీ ఒక్కటే చప్పుడు. అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను. నాయన చూస్తున్నాడా అనిపించింది. మూడో చుట్టులో, ఎదురొచ్చే రంగమ్మ మొహం చూడవలసినదాన్ని, హార్మోనియం వైపు చూశాను. లోపలికి పోవలసినచోట బయటికి పోయాను. రంగమ్మ చురుకైన పిల్ల, నన్ను గుద్దుకోకుండా, తనకే తెలియకుండా, లోపలికి తప్పుకుంది. ఎవరూ గమనించలేదనుకున్నాను. జడ అల్లుకుంటూనే పోయింది. తప్పు పైన, ఆ జడ మధ్యలో ఎక్కడో కూర్చుంది.

వెనక్కి తిరిగాం. విడుతోంది, విడుతోంది. మూరెడు జడ మిగిలి ఉండగా తాళ్లు బిగుసుకున్నాయి. ఇంకో అడుగు వేస్తే ఇంకా బిగిశాయి. రంగమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాడేవాళ్లు చరణం అయిపోయి మళ్లీ అదే చరణం ఎత్తుకున్నారు, మళ్లీ అదే. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పల్లకీ మోసేవాళ్లు భుజాల మీది గుడ్డలు సర్దుకుని నిలబడి ఉన్నారు. గుండప్ప గారు మమ్మల్ని చూడటం లేదు, పందిరి బయటికే చూస్తున్నారు.

“ఆగొద్దండి, ఉన్నచోటే కాళ్లు ఆడించండి” అని తిప్పక్క గొంతు వినిపించింది. ఆ గొంతులో తొందర లేదు. “యాడ తప్పిందో చెప్పండి. ఎవరో నాకొద్దు. ఏ చుట్టులో, యాడ?”

నాకు తెలుసు. మూడో చుట్టులో, పటానికి ఎడమవైపు, రంగమ్మ దగ్గర. ఆ నాలుగు ముక్కలు చెప్పాలి, అంతే. నాయన వేళ్లు హార్మోనియం మీద ఆడుతూనే ఉన్నాయి, కళ్లు నా మీదే ఉన్నాయి. నేను తల వంచి కాళ్లే ఆడించాను. తిప్పక్క మళ్లీ అడిగింది. అప్పుడూ నేను చెప్పలేదు.

అప్పుడామె పందిట్లోకి వచ్చింది. వస్తూనే తల ఎత్తి జడను చూసింది, పోగు ఎక్కడ తెగిందో చూసే చూపుతో. నేరుగా నా దగ్గరికి వచ్చి తాడు, కోల నా చేతిలోంచి తీసుకుంది. “రా రంగమ్మా, నువ్వు లోన, నేను బయట” అంది. దాటింది. బిగుసుకున్న తాళ్లు ఒక్క ఊపున వదులయ్యాయి. నాకు తాడు తిరిగి ఇచ్చి పోతుందనుకున్నాను. పోలేదు. మిగిలిన మూరెడు జడా తనే ఆడింది. పదేళ్ల పైన అరుగు మీద కట్టేసుకున్న కాళ్లు అవి. ఆమె నవ్వింది, ప్రతి పిల్ల మొహంలోకీ చూసి నవ్వుతూ దాటింది. పిల్లలూ నవ్వారు. ఎనిమిది తాళ్లూ వేరుపడి తిన్నగా వేలాడాయి. పల్లకీ లేచింది.

పల్లకీ పందిరి దాటాక గుండప్ప గారు అందరి ముందూ అడిగారు. “ఏ పిల్ల తప్పిందమ్మా?”

“పిల్లలు కాదప్పా. ఆ మలుపు నేను తప్పు నేర్పినా. వాళ్లు నేర్పినట్లే ఆడినారు” అంది తిప్పక్క.

ఎక్కడో ఒక ముసలామె, అందుకే వద్దన్నామని గొణిగింది. నేర్పడమూ రాదు, పందిట్లోకీ వచ్చిందని ఇంకొకరు అన్నారు. ఇక మీదట తిప్పక్క భజన మందిరం గడప తొక్కకూడదని, కోలాటం నేర్పకూడదని అక్కడికక్కడే తీర్మానం చేశారు. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె చెయ్యి నా తల మీద ఉంది. అప్పుడూ నా నోరు పెగల్లేదు. నెల తిరక్కుండానే అన్న ఆమెను హిందూపురంలో పెద్దమ్మ ఇంటికి పంపించేశాడు. నేను కోలలు అటక మీద పడేశాను.

అరవైల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చి మొదటి పోస్టింగు హిందూపురంలో వేశారు. చేరిన నెలకు ఆమె ఇల్లు వెతికి పట్టుకున్నాను. పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టి, పీట వేసింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. “అక్కా, ఆ రోజు తప్పింది నేను.”

“తెలుసులే. జడ చూస్తే తెలియదా?”

“మరి ఏంటికక్కా నీ మీద ఏసుకుంటివి?”

“నీ పేరు చెప్పింటే ఇంక నిన్ను కోల పట్టనిచ్చేవాళ్లా? నాకు ఎట్లాగూ ఇయ్యలేదు. నువ్వన్నా ఆడతావని.” చింతగింజ చాటలో వేసి నావైపు తిరిగింది. “ఇప్పుడు యాడ ఆడతాండావు?”

నేను తల వంచుకున్నాను. “ఆ పొద్దు నుంచి పట్టలేదక్కా.”

ఆమె చేతులు ఆగిపోయాయి. “అయితే నేను ఊరికే పోగొట్టుకుంటినా?” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని.

ఆ ఆదివారం నుంచి ఆమె పెరట్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను, కిటికీ కమ్మీకి పోగులు కట్టడం దగ్గర నుంచి. రెండేళ్లకు మా బడి పిల్లలను ఎనిమిది మందిని తీసుకుని పెనుకొండ ఏకాహానికి పోయాను. తిప్పక్కను ఎంత బతిమాలినా రానంది. “ఆ పందిరి నాకొద్దు మే. నువ్వు పో” అంది. జడ అల్లుకుంది, విడింది, పల్లకీ లేచింది. నేను మైకు దగ్గరికి పోయి, ఫలానా ఏడు జడ బిగుసుకున్నది నా వల్లనని, తిప్పక్క తప్పేమీ లేదని అందరికీ వినబడేలా చెప్పాను. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుండప్ప గారు బాగా ముసలివారైపోయారు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏం తప్పమ్మా? నాకేం గుర్తుకు రాలేదే. పోనీలే, పానకం తాగు” అన్నారు.

వాళ్లకు గుర్తే లేదు. ఒక మనిషి ఆట తీసేసుకున్నారు, తీసేసుకున్న సంగతి కూడా గుర్తుంచుకోలేదు. ఆ పానకం నేను తాగలేదు. ఆ ఏకాహానికీ హార్మోనియంతో వచ్చిన నాయన మాతోపాటే హిందూపురం బయలుదేరాడు, తిరుగు రైల్లో కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. “నేను ఆ పొద్దే చూసినా పాపా. నన్ను చూస్తా బయటికి పోయినావు.” అంటే ఆ రోజు పందిట్లో నిజం తెలిసి నోరు మూసుకున్నవాళ్లం ఇద్దరం. నాయన మీద నాకు కోపం రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరి పిల్లలకు జడ కోలాటం నేర్పాను. మోకాళ్లు మొరాయిస్తున్నా ఇప్పటికీ నాలుగడుగులు వేస్తాను. వేసేటప్పుడు ఆనందంగానే ఉంటుంది, అది దాచను, తిప్పక్క నాకు ఇవ్వాలనుకున్నది అదే కదా. ఆట ఆగి, పిల్లలు ఆయాసపడుతూ కూర్చున్నాకే ఒక మాట నోటిదాకా వస్తుంది. పన్నెండేళ్ల వయసులో, ఆమె చెయ్యి నా తల మీద ఉండగా, ఆమె వింటుండగా అనవలసిన మాట అది: అక్క సరిగ్గానే నేర్పింది, తప్పింది నేను.