సైలెన్సర్ మీది పెట్టె

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాక నా కళ్ళజోళ్ళ వ్యాపారం కూడా ఆగిపోయింది. జనగామలో చిన్న దుకాణం ఉన్నా, ఇల్లు గడిచేది ఊళ్ళలోని వారపు అంగళ్ళ మీదే. రెండు రేకు పెట్టెలు బస్సెక్కించి తిరిగేవాణ్ణి. ఇక మిగిలింది పాత మోటార్‌సైకిల్. ఆ పెట్టెల్ని దానికే రెండు పక్కలా బిగిద్దామన్నాడు నా బామ్మర్ది. అతనికి వెల్డింగ్ షాపు ఉంది. అదే నా ఖర్మ.

"బావా, నువ్వు జర ఊకో. నాకిడిసిపెట్టు," అన్నాడు. టేపు ఇస్తే పక్కన పడేసి జానతో కొలిచాడు.

రెండు రోజులకు ఇనుప చట్రం చేసి, పెట్టెలు బిగించి, అడక్కుండానే పచ్చరంగు కూడా వేశాడు. తీరా కిక్కు కొట్టబోతే రాడ్డు సగం దిగి కుడి పెట్టెకు తగిలి ఆగింది.

"గిదేందిరా?"

"నూకి స్టార్ట్ చెయ్యి బావా. మస్తుమంది గట్లనే చేస్తరు."

అరిచాను. కోసి, జానెడు వెనక్కి జరిపి మళ్ళీ అతికించాడు. ఈసారి పెట్టె సరిగ్గా సైలెన్సర్ మీదికి వచ్చింది. వేడి తగులుతుందేమోరా అంటే, నడుమ రెండు వేళ్ళ సందుంది, గాలాడుతది అన్నాడు. నమ్మానని అనను. మూడోసారి కోయించే ఓపిక లేదు, అంతే.

మర్నాడు పొద్దున్నే మహబూబాబాద్ అంగడికి బయలుదేరాను. బండి ఇప్పుడు ఎంత వెడల్పో అంచనా లేక, మా గల్లీ మూలమీదే ఎడమ పెట్టెను కరెంటు స్తంభానికి రాసేశాను. తొర్రూరు దాటేదాకా ప్రతి గుంతకూ లోపల అద్దాలు గలగలమంటుంటే పళ్ళు కొరుక్కుంటూ నడిపాను.

ఊరు ఇంకొద్ది దూరం ఉందనగా రోడ్డు మీద సమ్మెవాళ్ళ వంటావార్పు. అడ్డంగా ట్రాక్టరు, దాని ముందు రాళ్ళ పొయ్యిలు, అన్నం వండే పెద్ద పెద్ద గంజులు. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒంటిగంట దాక ఎవ్వలు పోయేది లేదన్నా. పెట్టెలల్ల ఏమున్నయ్?"

"కండ్లద్దాలే."

"ఏదీ, తియ్యి."

తీశాను. కుడి పెట్టె అడుగుకు చెయ్యి తగిలి చుర్రుమంది. కింది వరుసలోని ప్లాస్టిక్ ఫ్రేములన్నీ వంకర్లు పోయి ఉన్నాయి. బామ్మర్దిని అక్కడే, అందరి ముందూ, నోటికొచ్చినట్టు తిట్టాను. జనం నవ్వారు. నాకు ఇంకా మండింది.

వేడికి వంగినదాన్ని వేడితోనే సరిచెయ్యాలి. పొయ్యి దగ్గర తండా నుంచి వచ్చిన ఒక పెద్దామె బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, జర మసిలిన నీళ్ళియ్యవా?"

"అన్నానికా, నీ అద్దాలకా?" అని విసుక్కుంటూనే చెంబెడు పోసింది.

రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో ఫ్రేమును ముంచి, వేళ్ళు కాలుతుంటే వంపు తీశాను. పక్కన ఆరబెట్టిన జోడొకటి ఆమె తీసి పెట్టుకుని, చేటలోకి వంగి చూసింది.

"ఓయమ్మో, గిన్ని రాళ్ళా! ఏ పోరి ఏరింది గీ బియ్యం?"

అంతే, వంట ఆగింది. బియ్యమంతా మళ్ళీ ఏరారు. నావల్లే ఆలస్యమైందని కుర్రాళ్ళు నన్ను కోపంగా చూశారు. ఆ జోడు ఆమె తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.

రెండు దాటాక వదిలారు. మహబూబాబాద్ చేరితే అంగడి లేదు. సమ్మెకు మద్దతుగా అది కూడా బందు. ఆ సంగతి రోడ్డు మీద ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే బామ్మర్ది తాపీగా, "సైలెన్సర్‌కు తడిగుడ్డ సుడితె అయిపోతుండె గద బావా," అన్నాడు.

రంపం లాక్కుని కుడి పెట్టె నేనే కోసేశాను. బస్సులు మళ్ళీ తిరిగేదాకా ఎడమ పెట్టె ఒక్కదానితోనే తిరిగాను. బండి ఎడమకు లాగేది, నేను కుడికి ఒరిగేవాణ్ణి. ఆ నెలంతా నడుము నొప్పి.