పెట్రోల్ లెక్కలో పడ్డ చీరలు, మా శ్యామల

నిన్న పొద్దున ఫోన్ వస్తే నమ్మలేదు.

మొన్న సాయంత్రం నాకు వాయిస్ మెసేజ్ పెట్టిన మనిషి, తెల్లారేసరికి హార్ట్ ఎటాక్‌తో పోయిందంటే ఎలా నమ్మాలి?

శ్యామల నాకు బోధన్‌లో ఇంటర్ క్లాస్‌మేట్. పెళ్లయ్యాక ఇద్దరం నిజామాబాద్‌లో ఒకే గల్లీకి వచ్చాం.

నిజం చెప్తాను. నాకు ఆమె అంటే కుళ్లు.

ఆమె అడిగితే కూరగాయలాయన కొత్తిమీర ఊరికే ఇస్తాడు. నేను అడిగితే మొహం తిప్పుకుంటాడు.

మా క్రెడిట్ కార్డుల కథ తెలియని వాళ్లకు చెప్తాను. మొదటి షాపింగ్‌కు బోనస్ పాయింట్లు, వాటితో మిక్సీ వస్తుందని చెప్పి మాల్‌లో స్టాల్ వాళ్లు ఇద్దరికీ కార్డులు అంటగట్టారు. బతుకమ్మకు చీరలు కొన్నాం. ఆ షాపు సేటుకు పక్కనే పెట్రోల్ బంకు కూడా ఉంది. షాపులో కార్డు గీకే మెషిన్ పని చేయకపోతే బంకు మెషిన్ తెచ్చి గీకాడు. మన దగ్గర ఇది మామూలే.

కార్డు వాళ్ల లెక్కలో మేం కొన్నది పెట్రోల్ అయింది. పెట్రోల్‌కు బోనస్ లేదట.

నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గొంతు పోయేదాకా అరిచాను. అవతలి అమ్మాయి సారీ చెప్పి పెట్టేసింది.

తర్వాత శ్యామల చేసింది. ముందు ఫోన్ ఎత్తిన అమ్మాయి అన్నం తిన్నదా లేదా కనుక్కుంది.

ఆ తర్వాత మెల్లగా అంది. "మేడమ్, నాకు బండి సుత లేదు. గంత పెట్రోల్ ఏడ పోసుకుంట చెప్పు?"

ఆ అమ్మాయి నవ్వి, చీరల బిల్లు ఫొటో పంపమంది. బోనస్ పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

నా మొహం చూసి, నా పక్కనే కూర్చుని, నా ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, నన్ను నోరెత్తనివ్వకుండా నా బోనస్ కూడా ఇప్పించింది. మిక్సీ వచ్చినా నా కుళ్లు పోలేదు. కానీ ఇంత కష్టం నా ఒక్కదాని కోసమే పడిందని గర్వంగా ఉండేది.

నిన్న వాళ్లింట్లో ఆ గర్వం కూడా పోయింది.

పక్కింటి రేష్మా ఆపా ఏడుస్తూ, తన గ్యాస్ కనెక్షన్ కోసం శ్యామల ఎవరెవరిని బతిమాలిందో చెప్పింది. కోటగిరి నుంచి వచ్చిన శ్యామల ఆడబిడ్డ ఇంకేదో చెప్పింది. అందరూ శ్యామల తమనే ఎక్కువగా చూసుకునేదని చెప్పేవాళ్లే.

అక్కడ కూర్చుని కూడా వాళ్లందరినీ చూసి కుళ్లుకున్నాను. శ్యామల నా మనిషి. వీళ్లెవరు?

అప్పుడు ఆమె కూతురు నవ్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మమ్మీకి మీరంటే మస్తు కుళ్లుండె. 'దానికి కోపమొస్తే అరుస్తది, నేనేమో అందరితోని నవ్వుకుంటనే మాట్లాడి మాట్లాడి అలిసిపోతున్న' అంటుండె."

ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు.

అలిసిపోయావని నాకు తెలియలేదే శ్యామలా.

ఇక ఎవరినీ మంచి చేసుకోవాల్సిన పని లేదు. నువ్వున్న చోట నీకు చల్లగా, నిమ్మళంగా ఉండాలి. పోయి రా తల్లీ.