నాపరాళ్ల కంచె, ఒక మైకు

మా ఊరి క్రికెట్ మైదానానికి మూడు వైపులా నాపరాళ్లు నిలువునా పాతిన కంచె ఉంది. బంతి దానికి తగిలితే ఎటు మళ్లుతుందో కొట్టినవాడికి కూడా తెలియదు. ఆ మళ్లడాన్ని మైకులో ఇంగ్లీషులో చెప్పడం, ఇంగ్లీషు మాస్టరుగా రిటైరయినప్పటి నుంచీ నా పని. పదివేల మంది ఊపిరి బిగబట్టి వింటారు. సరే, పదివేలు కాదు, రెండు వందలుంటారేమో. అందులో సగం షామియానా నీడకు వచ్చినవాళ్లు.

ఈసారి పోటీల ముందు కమిటీ పెద్ద ఇంటికొచ్చాడు. వరసకు నాకు అల్లుడు.

"మామా, బంతి రాయికి తగిల్తే చాలు, బౌన్సు బౌన్సు అంటాండావు. జనం నవ్వుతాండారు. కడప జట్టోళ్లు వాళ్ల కామెంటేటర్ని తెస్తాండారు. ఆయప్ప నీకంటే బాగా చెప్తే ఫైనలుకు మైకు ఆయప్పకే."

మైకు పోతే ఊళ్లో నాకు మిగిలేది మోకాళ్ల నొప్పులే. వారం పాటు నిద్ర మానుకుని డిక్షనరీ చదివాను. మానుకున్నది మధ్యాహ్నం నిద్ర మాత్రమే అనుకోండి.

పోటీల మొదటి రోజు వచ్చిన కడపాయన నా ఈడువాడే. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. అల్లుడు మా మధ్య ఒకటే మైకు పెట్టి షరతు చెప్పాడు. బంతి కంచెకు తగిలినప్పుడల్లా వంతులవారీగా చెప్పాలి, ఒకసారి వాడిన మాట మళ్లీ వాడకూడదు. బౌన్సు అసలే వద్దు.

మొదటిది తగిలి వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. "రీబౌండ్" అన్నాను. తర్వాతది రాయిని ఒరుసుకుంటూ పోయింది. ఆయన "గ్లాన్స్" అన్నాడు. ఇంకోటి రాతి అంచుకు తగిలి తుపాకీ గుండులా పక్కకు దూసుకుపోయింది. "రికోషే" అన్నాను, స్పెల్లింగులో చివరనున్న 'టి'ని పలక్కుండా మింగి. ఈలలు పడ్డాయి. ఆ పైది రాయికి తగిలి, అక్కడి నుంచి నీళ్ల డ్రమ్ముకు తగిలింది. ఆయన తాపీగా "కేరమ్" అన్నాడు. చిన్నప్పటి నుంచీ క్యారమ్స్ ఆడినవాణ్ణి, ఆ మాట నాకు తట్టనందుకు కుళ్లుకున్నాను. డిఫ్లెక్ట్ నాది, రీకాయిల్ ఆయనది. అంతటితో నా సరుకు అయిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒక బంతి రాయికి తగిలి పైకి లేచి, కంచె అవతల బర్రె వీపు మీద పడి, మళ్లీ మైదానంలోకి వచ్చింది. వంతు నాది.

"ది బాల్ హాజ్ బ్రంబులేటెడ్" అన్నాను గంభీరంగా.

కడపాయన నా వైపు చూశాడు. అలాంటి మాట లేదంటే నా పని అయిపోయినట్టే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మైకులో అన్నాడు, "శానా పాత మాటప్పా అది. ఇప్పుడెవురూ వాడరు. దానికి మించింది నా కాడ ల్యా."

మైకు నాకు దక్కింది. టీ తాగేటప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పప్పా. యాడిది ఆ మాట?"

"ఈడిదే. అప్పుడే పుట్టింది. తెలిసీ ఏంటికి ఒప్పుకుంటివి?"

"కాదంటే తర్వాతి బంతికి నేను చెప్పాల కదా. నా దగ్గర మాత్రం ఏముండాది?"

ఫైనలుకు ఆయన కూడా ఉండాలని అల్లుడితో చెప్పాను. నాది పెద్ద మనసని ఊరంతా అనుకుంటోంది. అసలు సంగతేమిటంటే, ఒంటరిగా కూర్చోవడానికి భయమేసింది.

ఫైనల్లో మొదటి బంతే కంచెకు తగిలింది. నేను మైకు ఆయన వైపు తోశాను. ఆయన నా వైపు తోశాడు.