కూర్చోబెట్టనన్నాను గానీ, నిలబెట్టనన్నానా?

కొత్త కారుతో సహా ఇంటిల్లిపాదినీ నేను కాణిపాకం దారిలో లోయలోకి తోసేసిన వైనం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. గుండె నిబ్బరం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోయి మంచినీళ్ళు తాగి రండి.

చిత్తూరు వాళ్ళు అప్పుడే నవ్వుతున్నట్టున్నారు. "కాణిపాకం దారిలో లోయ యాడుండాదప్పా?" అని. సరే, ఒప్పుకుంటాను. లోయ లేదు. చెరుకు తోట పక్కన పిల్లకాలువ ఒకటి ఉంది. మేము అందులోనూ పడలేదు. అయితే ఏం? ఆ రోజు నేను పడిన భయం ముందు లోయ ఏపాటిది? లోయకైనా ఎక్కడో ఒకచోట అడుగంటూ ఉంటుంది.

ఇది ఎనభైల నాటి మాట. చిత్తూరులో నాకు బెల్లం మండీ ఉండేది. అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టుండే చిన్న కార్లు అప్పుడప్పుడే రోడ్ల మీదికి వస్తున్నాయి. నేను మద్రాసు వెళ్ళి ఒకటి తెచ్చాను. జిల్లా మొత్తం మీద మొట్టమొదటిది నాదేనని చాలా ఏళ్ళు చెప్పుకుని తిరిగాను. నిజానికి మా వీధిలో మొదటిది. అదీ, ఎదురింటి డాక్టరుగారి కారును కారు కింద జమకట్టకపోతే.

కారు అప్పగించేటప్పుడు ఆ అమ్మినాయన ముందు సీట్లకున్న బెల్టులు చూపించాడు. భుజం మీదుగా ఒంటికి అడ్డంగా వచ్చే వెడల్పాటి నల్ల పట్టీ. దాని కొసన ఇనుప నాలుక. సీటు పక్కన చిన్న పెట్టె. నాలుకను పెట్టె నోట్లోకి తోస్తే టక్కుమని పట్టుకుంటుంది. పెట్టె మీద ఎర్ర మీట నొక్కితే వదిలేస్తుంది.

"ముందర కూర్చునేవాళ్ళు ఇది కట్టుకోవాల సార్. చిన్న పిల్లోళ్ళను మాత్రం ముందర పెట్టుకోవద్దు. వెనక సీట్లో పెద్దవాళ్ళ మధ్యలో కూర్చోబెట్టండి" అన్నాడాయన. ఆ రోజుల్లో వెనక సీటుకు బెల్టులు లేవు. పిల్లల కోసం వేరే సీటు ఉంటుందంటే చంకలో బిడ్డను పెట్టుకుని నవ్వేవాళ్ళం.

నేను ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. నా భార్య సరోజ మాత్రం కొంగుకు ముడి వేసుకుంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నేను మహా పిరికివాణ్ణి. ఉరుమంటే భయం, తేలంటే భయం, మామగారంటే భయం. కారు నడపడం నేర్చుకున్నానే గానీ ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకునేవాణ్ణి. రెండూ కాదు లెండి, ఒకటి. అలాంటివాడికి బెల్టు దొరికితే ఎలా ఉంటుంది? మా సందు చివర సోడా తాగి రావాలన్నా బెల్టు కట్టుకునే బయలుదేరేవాణ్ణి. మండీ దగ్గర జనం మూగి వేళాకోళం చేసేవాళ్ళు.

"ఏమప్పా సీనా, కారు నిన్ను కట్టేసుకునిండాదే? దిగి పారిపోతావనా?"

"ఎవరైనా ఎత్తుకపోతారని భయమేమోబ్బా!"

వాళ్ళతో నాకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మా అమ్మతో వచ్చింది. కారును కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించాలని ముహూర్తం పెట్టింది ఆవిడే. బయలుదేరే రోజు, పెద్ద మనిషి కదా అని ముందు సీటు తలుపు తీసి, కూర్చోబెట్టి, బెల్టు లాగి తగిలించబోయాను. అమ్మ కెవ్వున అరిచింది.

"ఒరే, ఏందిరా ఇది! బతికుండే మనిషిని పాడెకు కట్టినట్ల కడతావా?"

"పాడె కాదుమా, బెల్టు. మంచిదే."

"మంచిదంట మంచిది! మీ నాయనను గూడా ఇట్లనే కట్టి తీసకపోయినారు. నేను సూడలేదా? నాకొద్దు నాయనా, నేను వెనకాల కూచుంటా."

దిగిపోయి వెనక సీట్లో సరోజ పక్కన చేరింది. వాళ్ళిద్దరి నడుమ మా చిట్టి. నాలుగేళ్ళది. కాళ్ళు ఒకచోట, నోరు ఒకచోట నిలవని పిల్ల. ముందు సీటు ఖాళీగా ఉండిపోయింది. జరగబోయే దానికంతా మూలం ఆ ఖాళీ సీటే.

"దోషం పోవాలంటే ఆ బెల్టుకు గూడా పసుపు కుంకుమ పెట్టల్ల. దేవుని కాడికి పోతానే పెట్టు. మర్చిపోవద్దు" అని అమ్మ దారి పొడుగునా వెనకనుంచి వీపు మీద పొడుస్తూనే ఉంది.

కాణిపాకం వినాయకుడి సంగతి మా జిల్లా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతాను. ఆయన ఎదుట ఎవరూ అబద్ధపు ప్రమాణం చేయరు. చేస్తే ఊరుకోడని మా నమ్మకం. మండీలో ఎంత పెద్ద తగాదా వచ్చినా, ఎవరో ఒకరు "కాణిపాకానికి వస్తావా?" అన్నారంటే తప్పున్నవాడు చల్లగా చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. నాలా ప్రతిదీ పెంచి చెప్పేవాడికి ఆ దేవుడంటే ఎంత దడగా ఉంటుందో ఊహించుకోండి. దర్శనం చేసుకునేటప్పుడు కూడా స్తంభం చాటున నిలబడేవాణ్ణి.

అయ్యవారు కారు ముక్కుకు బొట్లు పెట్టాడు, లోపలి అద్దానికి దండ వేశాడు, హారతిచ్చాడు, టెంకాయ కొట్టించాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. మిగిలిన గంధం, కుంకుమ గిన్నెలు నా చేతికిచ్చి తన దారిన తాను పోయాడు. ఇక నా చెయ్యి ఆగుతుందా? స్టీరింగుకు పూశాను, గేరు కడ్డీకి పూశాను, అద్దానికి పూశాను. చివరికి బెల్టుల దగ్గరికొచ్చాను, నా సీటుదీ పక్క సీటుదీ. పట్టీల పొడుగునా బొట్లు పెట్టాను. పాడె దోషం పైపైన పోతే చాలదు, లోపలినుంచి పోవాలనిపించింది. పసిబిడ్డకు ఉగ్గు పెట్టినట్టు, రెండు పెట్టెల నోళ్ళలోకీ వేలితో ఇంత గంధం ముద్ద, దాని మీద ఇంత కుంకుమ కూరాను. "చాలునా మా?" అంటే, "ఇంగ రోంత పెట్టు" అంది అమ్మ. పెట్టాను.

ఈలోగా సరోజ నన్ను గుళ్ళోకి పిలిచింది. వచ్చేటప్పుడు చిట్టి ముందు సీటు కావాలని ఏడ్చిన ఏడుపు ఆమె మరిచిపోలేదు.

"దేవుని ఎదురుగా ఒక మాట చెప్పండి. పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టనని ప్రమాణం చెయ్యండి."

"ఇంత చిన్నదానికి ప్రమాణమెందుకే?"

"చిన్నదే గదా, చెయ్యండి మరి."

స్తంభం చాటునుంచి బయటికొచ్చి, చేతులు జోడించి, "స్వామీ, పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టను" అన్నాను. అంటూనే నా బుర్రలో ఏదో కొంటె దీపం వెలిగింది. అది ఆర్పేసి ఉంటే మీకీ కథ ఉండేది కాదు.

తిరుగు ప్రయాణంలో ఊరు దాటగానే చిట్టి మొదలుపెట్టింది.

"నాయనా, నేను ముందరికి వస్తా!"

"వద్దమ్మా."

"వస్తా, వస్తా, వస్తా!"

ఆ రాగం కంటే లారీ హారను మేలు. నేను కారు ఆపి, చిట్టిని వెనకనుంచి ఎత్తుకొచ్చి ఖాళీ సీటు ముందు నిలబెట్టాను. పడిపోకుండా ఆ పక్క తలుపు గడియ లోపలినుంచి నొక్కేశాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో చూడండి! పిల్ల చేతులు రెండూ అద్దం కింది బల్లకు ఆనించి మహారాణిలా నిలబడింది.

"ఏమండీ! ఇప్పుడే గదా ప్రమాణం చేసినారు?"

"కూర్చోబెట్టనన్నాను గానీ, నిలబెట్టనన్నానా? సూడు, నిలబడే ఉండాది."

అమ్మ కిసుక్కున నవ్వింది. సరోజ నవ్వలేదు. "దేవునితోనా మీ మండీ బేరం? ఆపండి, దించండి" అంది. "రోంత దూరమేలేవే, మెల్లగా పోతా" అని నా సీట్లో కూర్చున్నాను. కూర్చుని ఏం చేశాననుకున్నారు? బెల్టు కట్టుకున్నాను! నాలుక గంధంలోకి మెత్తగా దిగి, ముద్ద మింగినట్టు "గుళుక్" మంది. అలా కాణిపాకం దారిలో ఆ మధ్యాహ్నం అందరికంటే భద్రంగా కూర్చున్న మనిషిని నేనే. అందరికంటే భయం లేకుండా నిలబడింది నా కూతురు.

కొంచెం దూరం పోయేసరికి నాకు గుబులు పుట్టింది. ఆయన విన్నాడా? వింటే ఈ మాటల గారడీ ఒప్పుకున్నాడా? అద్దానికి వేలాడుతున్న దండలోంచి ఒక పువ్వు రాలింది. రోడ్డు పక్క మేక ఒకటి నావైపు అదోలా చూసింది. చేతులకు చెమట పట్టి స్టీరింగు గంధం కరిగి జారుతోంది. ఆపేద్దామా అనుకున్నాను. ఆపితే సరోజ గెలిచినట్టవుతుంది గదా అని ఆపలేదు. భర్తల తెలివి ఇలాగే ఏడుస్తుంది.

అప్పుడు ఎదురుగా కొండంత లారీ, బ్రేకులు తెగి...

లేదు. చెరుకు బండి. తోటలోంచి రెండెద్దుల బండి తాపీగా రోడ్డెక్కింది. ఎద్దులు నన్ను చూసి ఆగిపోయాయి. వాటికున్న నిదానం నాకుంటేనా! బ్రేకును తొక్కగలిగినంతా తొక్కాను. కారు కీచుమని ఆగింది. బెల్టు నన్ను సీటుకు అదిమి పట్టింది. వెనక అమ్మ "గోవిందా!" అని సరోజ మెడ కావలించుకుంది.

నేను పక్కకు చూశాను. చిట్టి లేదు.

అద్దం ముందు లేదు. సీటు మీద లేదు. ఇంతసేపూ ఆగకుండా వాగిన పిల్ల గొంతు లేదు. బల్ల కిందికి, కాళ్ళు పెట్టుకునే గుంటలోకి పడిపోయింది. నాకు పచ్చ పరికిణీ కొస మాత్రం కనిపిస్తోంది. అది కదలడం లేదు.

"చిట్టీ!"

పలుకు లేదు.

వంగబోయాను. బెల్టు వంగనివ్వలేదు. ఎర్ర మీట నొక్కాను. దిగలేదు. మళ్ళీ నొక్కాను. రెండు బొటనవేళ్ళతో నొక్కాను. లోపల కూరిన గంధం ముద్ద నాలుకను కరుచుకుని వదలనంది. చెయ్యి చాపితే వేళ్ళు పరికిణీకి బెత్తెడు దూరంలో ఆగిపోతున్నాయి. సరోజ అమ్మ చేతులు విడిపించుకుని, దిగి, ముందు తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చి లాగింది. రాలేదు. గడియ వేసిన జాగ్రత్తపరుణ్ణి నేనే గదా!

"గడియ తియ్యి!" అద్దం మీద బాదింది సరోజ. పెళ్ళయిన నాటినుంచి మీరూ మీరూ అన్న మనిషి.

"అందలేదే!"

"బెల్టు ఇప్పుకో!"

"రాలేదే! గంధం..."

"నా బిడ్డను తియ్యి నువ్వు ముందు!"

గుంజకు కట్టేసిన ఎద్దులా గింజుకున్నాను. గొంతులోంచి నాకే తెలియని అరుపేదో వచ్చింది. వినాయకుణ్ణి పిలవడానికి ముఖం చెల్లలేదు. అయినా పిలిచాను. "స్వామీ, మాట గారడీ చేసింది నేను. కట్టేసింది నన్నే గదా. దాన్ని వదిలెయ్యి."

పరికిణీ కదిలింది.

"నాయనా," అంది గుంటలోంచి ఒక గొంతు, ఏదో నములుతూ, "టెంకాయ చిప్ప ఈడ పడిండాది."

నేను ఏడ్చేశాను. బయట సరోజ అద్దానికి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది. చిట్టి మెల్లగా లేచింది. నుదుటి మీద గుమ్మడికాయంత బొప్పి. సరే, నిమ్మకాయంత. అది వాళ్ళమ్మను చూసింది, వాళ్ళమ్మ వేలితో చూపించిన గడియ పైకి లాగింది, తలుపు తెరుచుకోగానే చంకనెక్కి, బొప్పి గుర్తొచ్చి, అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. నా జన్మలో అంత తియ్యటి ఏడుపు వినలేదు.

ఇక మిగిలింది నేను. బండాయన కొడవలితో దిగి వచ్చాడు.

"ఏమన్నా, ఇరుక్కున్నావా? కోసేద్దునా?"

"వద్దబ్బా, కొత్తది!"

"బెల్టునే అన్నా. నిన్ను కాదు."

చివరికి అమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. ఫలితం లేదు, ఒళ్ళంతా ఎర్రనీళ్ళు తప్ప. బండాయన నా చంకల కింద చేతులు పెట్టి పైకి లాగాడు, నేను బెల్టు కిందినుంచి పాము కుబుసం విడిచినట్టు జారాను. జారాను గానీ, కట్టుకున్న పట్టుపంచె నాతో రాలేదు. సరిగ్గా అప్పుడే చిత్తూరు బస్సు వచ్చి, చెరుకు బండి అడ్డంగా ఉంది కాబట్టి, మా పక్కనే ఆగింది. అందులో మా మండీ వాళ్ళు ఉన్నారని వేరే చెప్పాలా?

"ఏమప్పా సీనా! కారు నిన్ను వదిలేసి పంచె ఉంచుకునిందే!"

సరోజ మాత్రం పంచె కట్టుకునే వ్యవధి ఇచ్చి, కారును వెనక్కి తిప్పించింది. అదే గుడి, అదే వినాయకుడు, ఈసారి స్తంభం చాటు లేదు. ఆమె ఒక్కో మాట చెబుతుంటే నేను వెనకే పలికాను. "స్వామీ, నా కూతుర్ని ముందు సీట్లో కూర్చోబెట్టను. నిలబెట్టను. పడుకోబెట్టను. ఒళ్ళో పెట్టుకోను. వేలాడదీయను. నన్ను నేను కట్టుకున్నంత గట్టిగా నా బిడ్డను కాపాడుకునే దారి దొరికేదాకా దాన్ని వెనక సీటు దాటనివ్వను. బతికుండగా మళ్ళీ బెల్టు నోట్లో గంధం పెట్టను."

ఇప్పుడు మా మనవరాలికి వెనక సీట్లో తనదంటూ ఒక బుల్లి సీటు, దానికి పట్టీలు ఉన్నాయి. ప్రయాణానికి ముందు ఆ పట్టీలు లాగి చూసేది నేనే. ఒకసారి చూస్తాను, నమ్మకం చాలక మళ్ళీ చూస్తాను. అందరూ నవ్వుతారు. నవ్వనీ. పచ్చ పరికిణీ కదలకుండా ఉండిన ఆ కాసేపు ఎంతసేపో వాళ్ళకు తెలియదు. ఈ కథలో నేను పెంచి చెప్పనిది అదొక్కటే.

ఆ రోజు గుళ్ళో చివరగా సరోజ ఇంకొకటి అడిగింది. "ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు లోయలూ లారీలూ తేనని గూడా ప్రమాణం చెయ్యండి."

దేవుడి ముఖం చూశాను. సరోజ ముఖం చూశాను. చేతులు దించేసి, నిజాయితీగా చెప్పాను.

"అది మాత్రం నావల్ల కాదే. ఈయనతో రెండోసారి పెట్టుకునే ధైర్యం నాకు లేదు."