తుంగతిప్ప మీద ఆరు గంటలు

నా చిన్నప్పుడు, అంటే పదేళ్ళు నిండి నాలుగు నెలలైనప్పుడు, ఒక మనిషి నీళ్ళలో మునిగిపోవాలని కోరుకున్నాను. కోరుకోవడమే కాదు, అందుకోసం దబ్బనం కూడా చేత పట్టాను. ఇప్పుడు నాకు డెబ్బై రెండేళ్ళు. ఆ కోరిక తప్పని తెలుసు. ఆ మనిషి మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది.

కర్నూలుకు ఎగువన తుంగభద్ర ఒడ్డున మా ఊరు. మా జేజి, అంటే మా నాయన తల్లి, పుట్టి నడిపేది. వెదురు బద్దలతో బుట్టలా గుండ్రంగా అల్లి, కింద ఎద్దు తోలు కుట్టి, తారు పూస్తే పుట్టి అవుతుంది. తాత పోయాక తెడ్డు ఆమె చేతికి వచ్చింది. మాకు రెండు పుట్లు ఉండేవి. పెద్దదానిలో పదిమంది పట్టేవారు, చిన్నదానిలో ఇద్దరు. ఎండాకాలంలో ఏరు సన్నబడి నడుమ ఇసుక తిప్పలు తేలేవి. మలుపు అవతల పెద్దతిప్ప మీద ఏటి పక్షులు గుడ్లు పెట్టేవి. తెల్లటి ఒళ్ళు, నల్ల టోపీ పెట్టినట్టుండే తల, పసుపు ముక్కు. అవి గూడు కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులో రెండో మూడో గుడ్లు పెడతాయి. మూడు దాటడం నేను ఎన్నడూ చూడలేదు. ప్రతి ఆదివారం జేజి నన్ను అటు తీసుకుపోయేది. దిగకూడదు, పుట్టిలో నుంచే లెక్కపెట్టాలి. ఆ లెక్క నా నోటుబుక్కు చివరి పేజీలో రాసుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తొమ్మిది గుంటలు, ఇరవై గుడ్లు. ఆ ఏడే పట్నం నుంచి ఫొటోల సారు వచ్చాడు. ఒక శనివారం ఎనిమిది గంటల బస్సు దిగి, చిన్న పుట్టి అడిగి, వెంట ఎవరూ రాకూడదని చెప్పి పోయాడు. ఒంటరిగా తిరిగి ఫొటోలు తీయడం ఆయన గొప్ప. రెండు గంటల బస్సుకు తిరిగి వెళ్ళిపోయాడు. మరునాడు మేము లెక్కకు పోతే పక్షులు తిప్ప మీద వాలకుండా అరుస్తూ తిరుగుతున్నాయి. ఆ ఒక్కసారి జేజి దిగింది, నేనూ దిగాను. మూడు నాలుగు గుంటల్లోని పిల్లలన్నిటినీ ఒకే గుంటలోకి చేర్చి, అవి పరుగెత్తిపోకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టి ఉంది. నీడ లేదు. తల్లులు దగ్గరికి రాలేదు. ఏడు పిల్లలు ఎండి, చీమలు పట్టి ఉన్నాయి. ఫొటో అయిపోయాక ఆ కంప తీసేయడానికి కూడా ఆయనకు చేతులు రాలేదు.

ఆ ఫొటోకు ఏదో బహుమతి వచ్చిందట. అద్దం కట్టించి మా బడికి కానుకగా ఇచ్చాడు. ఒక గుంటలో ఏడు పిల్లలు, పైన రెక్కలు విప్పి అరుస్తున్న పక్షి, కింద ‘తల్లి మనసు’ అని పేరు. ఒక పక్షి ఏడు పిల్లల్ని పెట్టదని నేను అయ్యవారితో అన్నాను. పెద్దల పనికి వంక పెడతావా అని ఆయన నా వేళ్ళ కణుపుల మీద రెండు దెబ్బలు వేశాడు. ఆ ఏడాదంతా బడికి పోయిన ప్రతిరోజూ ఆ ఫొటో కిందనుంచే నడిచాను.

మరుసటి ఏడు పక్షులు మళ్ళీ పెద్దతిప్ప మీదనే పెట్టాయి. పదకొండు గుంటలు, ఇరవై ఆరు గుడ్లు. నాలుగు పిల్లలు బయటికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే సారు దగ్గరినుంచి కార్డు వచ్చింది. శనివారం వస్తానని, ఈసారి ఒక రాత్రి తిప్ప మీదనే డేరా వేసుకుంటానని, చిన్న పుట్టి సిద్ధంగా ఉంచమని.

శనివారం పొద్దున్నే నేను దబ్బనం తీసుకుపోయి, ఒడ్డున బోర్లించిన చిన్న పుట్టికి రెండు బొక్కలు పొడిచాను. మూడోది పొడుస్తుంటే జేజి వెనక నిలబడి ఉంది.

“ఏం చేస్తాండావే?”

“సారు మునగాల.”

ఆమె కొట్టలేదు. దబ్బనం లాక్కుని, నా పక్కన కూర్చుంది. “మునిగి సచ్చినోనికి ఏం తెలుస్తాది? వాని పెండ్లాం ఏడుస్తాది, అంతే. వానికి తెలియాల గదా పాపా” అంది. తర్వాత ఆ రెండు బొక్కలనూ నా చేతనే కుట్టించింది. ఒక్కోదానికి నాలుగు కుట్లు, పైన రెండు పూతల తారు.

సాయంత్రం సారు దిగాడు. డేరా గుడ్డ, కెమెరా పెట్టె, పంపు కొట్టి వెలిగించే గ్యాసులైటు.

“ఏమవ్వా, ఈసారి గుడ్లు యాడ పెట్టినాయి?”

“పోయినేడు పిల్లల్ని పోగొట్టుకున్న తావుకు నువ్వయితే మళ్ళా పోతావా సారూ?” అని జేజి ఎదురుగా కనిపించే తుంగతిప్ప వైపు చూసింది. అక్కడ నిలవనీళ్ళ మడుగు, మనిషెత్తు తుంగ. పక్షులు అక్కడ మునకలు వేసి చేపలు పట్టుకుంటున్నాయి. “అబ్బో, శానా ఉండాయే!” అని సారు తనంతట తానే అన్నాడు. జేజి అబద్ధం ఆడుతుందేమోనని నేను చెవులు నిక్కించి విన్నాను. ఒక్కటీ ఆడలేదు.

“నిన్న వాన పడింది సారూ, ఆ తుంగలో పురుగు లేస్తాది. దీపం పెట్టొద్దు. మీద వాలితే చేత్తో నలపొద్దు, ఊది పారేయాల. తెడ్డు పుట్టికి కట్టి పెట్టుకో. రెండు దినాలు ఆగి పోతే ఇంకా మేలు.”

“అడవులు తిరిగినోన్నవ్వా. పురుగులకు బెదిరే మొగమేనా ఇది?”

“మొగం బాగనే ఉండాది సారూ. అందుకే చెప్తాండా.”

ఆయన నవ్వి, రేపు పన్నెండు గంటల బస్సు వచ్చేదాకా తన పక్కకు ఎవరూ రావద్దన్నాడు. నువ్వు పిలిచినా రావద్దా అని జేజి అడిగింది. నేనెందుకు పిలుస్తానన్నాడు. ఒకవేళ పిలిస్తే అని ఆమె వదలకుండా అడిగింది. “పిలిచినా రావద్దు, పో!” అన్నాడు. జేజి ఒక కుండ నీళ్ళు, సద్ది మూట పుట్టిలో పెట్టి, తోసి వదిలింది. పుట్టి మూడున్నర చుట్లు తిరిగి, ఆ తర్వాత తిప్ప దారి పట్టింది.

రాత్రి జరిగింది తర్వాత ఆయన నోటనే విన్నాం. గ్యాసులైటు వెలిగించాడు. మొదట ఉసుళ్ళు వాన కురిసినట్టు వచ్చాయి. వాటి వెనక, నలిపితే బొబ్బలెక్కే సన్న పురుగులు. చొక్కాలోకి, చెవుల్లోకి దూరితే చేతులతో కొట్టి నలిపాడు. చివరికి పుట్టిని బోర్లించుకుని దాని కింద దూరాడు. ఆ తొందరలో తెడ్డు నీళ్ళపాలైంది. తెల్లారగానే జోరీగలు లేచాయి.

ఆరు గంటల బస్సు వచ్చే వేళకు కేకలు మొదలయ్యాయి. నేను ఎగిరి గంతేశాను. జేజి పెద్ద పుట్టిని నీళ్ళలో దించి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది. ఆయన మీదనుంచి చూపు తిప్పలేదు. దారిన పోయే గొర్రెల కాపరి ఆగాడు.

“ఏందత్తా, ఆ మనిషి అరుస్తాండాడే?”

“పిలిచినా రావద్దన్నాడప్పా.”

కాసేపటికి, పోయినేడు సారు పెద్దతిప్ప మీద ఎంతసేపు ఉన్నాడని నన్ను అడిగింది. ఎనిమిది బస్సుకు వచ్చి రెండు బస్సుకు పోయాడు, ఆరు గంటలు అని చెప్పాను. “ఆరైతే ఆరు” అంది. ఆ ఆరు గంటలూ నేను లేవలేదు. అంత సంతోషంగా నేను గడిపిన పొద్దులు నా బతుకులో ఎక్కువ లేవు.

పన్నెండు గంటల బస్సు హారను వినబడగానే జేజి తెడ్డు ఎత్తింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. “ఇంకొక గంట జేజీ. ఏడు పిల్లలు గదా.”

“నాకు ఆరే చేతనైతాది. ఏడోది నువ్వు పెద్దదానివై చేసుకో” అంటూ పుట్టి తోసింది.

ఆయన ఒక కన్ను మూసుకుపోయింది. పెదవులు, మెడ బొబ్బలు. ఒక్క ఫొటో కూడా తీయలేదు. జేజి ఆయన్ను చెయ్యి పట్టి ఎక్కించి నీళ్ళు తాగించింది. అప్పుడు మెల్లగా అంది: “ఎండ శానా ఉండాది గదా సారూ. నీ చుట్టూ ఎవరూ కంప పెట్టలేదు గనక నీడకు దూరగలిగినావు.” ఆయన ఒడ్డు చేరేదాకా తల ఎత్తలేదు. ఆయనకు తెలిసింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ జేజి ఆయన్ను ఇంటికి తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, చల్లనీళ్ళతో ముఖం కడిగి, కలబంద గుజ్జు రెండు వేళ్ళతో ఒక్కో బొబ్బ మీదా పూసింది. మా నాయనకు దెబ్బ తగిలితే ఎలా పూసేదో అలాగే, తొందర లేకుండా. గుజ్జు చాలకపోతే ఇంకా కోసుకు రమ్మని నన్నే పంపింది. నేను ఏడుస్తూ తెచ్చాను. సారు నాలుగు గంటల బస్సుకు పోయాడు. మళ్ళీ రాలేదు. ఆ ఏడు ఇరవై ఆరు గుడ్లలో ఇరవై రెండు పిల్లలయ్యాయి, పంతొమ్మిది ఎగిరిపోయాయి.

నా డెబ్బై రెండేళ్ళలో కసి తీర్చుకోవలసిన పని మూడుసార్లు పడింది. మూడుసార్లూ దబ్బనం పట్టలేదు, అబద్ధం ఆడలేదు, ఎంత కావాలో అంతే తీసుకుని ఆగాను. అక్కడిదాకా జేజి చెప్పింది బాగా వంటబట్టింది. తర్వాత ఆ మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి మందు పూయడం మాత్రం మూడింట ఒక్కసారే చేయగలిగాను. ఆ ఒక్కసారి కూడా తొందర తొందరగా పూసి లేచిపోయాను.