ఖాళీ గడుల ఆవిడ

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి వెనకాల 'ఖాళీలమ్మ' అనేవారు. ప్రభుత్వ శాఖలు కంప్యూటర్లను ఎలా వాడాలో నియమాలు రాసే విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. ఫారంలో ఒక్క గడి ఖాళీగా కనబడినా ఫైలు వెనక్కి పోవలసిందే. ఆరేళ్ల కిందట ఆవిడే రాసిన నియమం అది: ఏ గడీ ఖాళీగా ఉండరాదు.

రిటైర్మెంటుకు మూడు నెలలుందనగా వైద్యశాఖ కొత్త వ్యవస్థ ఆమోద పత్రం ఆవిడ బల్ల మీదికి వచ్చింది. మంచాన పడ్డవాళ్లకు నెలనెలా ఇంటికి మందులు పంపే జాబితాను అంతదాకా నర్సులు చూసుకునేవారు. ఆ సాయంత్రం ఐదు నుంచి కంప్యూటరే చూసుకుంటుంది. ఆవిడ సంతకమే తరువాయి.

ఏ కొత్త వ్యవస్థలోనైనా సంతకానికి ముందు తల్లి పేరు కొట్టి చూడడం ఆవిడకు అలవాటు. మూడేళ్లుగా మంచంలో ఉన్న తల్లికి ఆ మందులే ఆధారం.

కొట్టింది. పేరు పక్కన చనిపోయిన తేదీ వచ్చింది.

పొద్దున్నే కదా తల దువ్వి వచ్చింది! వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"ఏంటే, మళ్లీ కళ్లజోడు మర్చిపోయావా?" అంది తల్లి.

"లేదమ్మా... ఊరికే."

"ఊరికే చేసే మొహమేనా నీది?"

ఇంకో పది పేర్లు చూసింది. పదిమందీ పోయినవాళ్లే. మెట్లు దిగి, వివరాలు ఎక్కించే గదికి పరిగెత్తినంత పని చేసింది. అక్కడి పెద్ద ఆపరేటరమ్మ తాపీగా చెప్పింది.

"మీ రూలే కదండీ! గడి ఖాళీ వదిలితే కంప్యూటరు ముందుకెళ్లనిచ్చేది కాదు. బతికున్నవాళ్లకి పోయిన తేదీ ఎక్కణ్ణించి తెస్తాం? ఎక్కించిన రోజు తేదీయే కొట్టేశాం. నర్సమ్మలు ఆ గడి వైపు చూసేవాళ్లే కాదు లెండి."

"ఎంతమందికి?"

"బతికున్నవాళ్లందరికీ."

నలభై వేల మంది. నర్సులు చూడని గడిని కంప్యూటరు చూస్తుంది. ఐదు గంటలకు ఒక్కసారిగా అందరి మందులూ ఆపేస్తుంది.

గోడ గడియారం నాలుగుంబావు. డైరెక్టరుగారి ఫోను.

"ప్రారంభించడానికి మంత్రిగారు బయల్దేరారమ్మా. సంతకం అయిందా?"

నెపం ఈ వ్యవస్థ తయారుచేసిన కంపెనీవాళ్ల మీదికి తోసెయ్యొచ్చు. నిజం చెబితే విచారణ, ముప్ఫై ఏళ్ల పేరు గంగపాలు.

"కాలేదండీ. చెయ్యను కూడా. బతికున్నవాళ్లని చంపేసింది నా రూలే. ఆపించండి."

ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"రాతపూర్వకంగా ఇస్తావా?"

"ఇస్తానండీ."

ఆపారు. నర్సుల జాబితా మళ్లీ బయటికి వచ్చింది. విచారణా జరిగింది, మందలింపూ వచ్చింది. భయం మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. రిటైరయ్యాక కూడా తెల్లారగానే వెళ్లి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

"ఉన్నానే, ఉన్నా," అనేది తల్లి, కళ్లు తెరవకుండానే.