చివర్లో వచ్చే పేరు

మమతారాణి పనితనానికి వంక పెట్టడానికి లేదు. కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని వెబ్‌సైట్లకు వీడియోలు చేసి పెడుతుంది. బట్టల దుకాణమైనా, కోచింగ్ సెంటరైనా ఆమె చెయ్యి పడితే కళ కడుతుంది. ఆ సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తండ్రి పర్శరాములు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అనే అంటారు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడి ఆయన చెవులు దాదాపు పోయాయి. తన మాట తనకే వినపడదు కాబట్టి ఫోన్‌లో గొంతు చించుకుని మాట్లాడతాడు. "తిన్నవా బిడ్డా" అని ఆయన అక్కడ అడిగితే ఇక్కడ హాస్టల్ గదిలో అమ్మాయిలు ముఖాలు చూసుకుని నవ్వుతారు. జవాబు చెప్పాలంటే తనూ అరవాలి. అందుకని మమత మెల్లగా ఫోన్లు తగ్గించి, ఫొటోలూ లింకులూ పంపడం మొదలుపెట్టింది. పని ఎక్కువైందని తనకు తాను చెప్పుకుంది. పనేమీ ఎక్కువ కాలేదు, సిగ్గు ఎక్కువైంది.

నిరుడు ఎండాకాలం సిరిసిల్ల కార్మికుల సంఘం కార్యదర్శి రాయమల్లు ఆఫీసుకు వచ్చాడు. హైదరాబాదు నుంచి చెవుల డాక్టర్లు వచ్చి ఒక రోజు శిబిరం పెడతారట. సాంచాల మీద చెవులు పోయినవాళ్లకు పరీక్ష చేసి, వినికిడి మిషన్లు ఉచితంగా ఇస్తారట. సంఘం వెబ్ పేజీలో దాని గురించి వీడియో పెట్టాలి.

"ఈసారి కాయితాలు అచ్చు గుద్దిస్తలేను బిడ్డా. అందరి చేతుల్ల ఫోన్లే కదా. నీ వీడియోనే గ్రూపుల ఏస్త," అన్నాడు.

డాక్టరమ్మ కెమెరా ముందు కూర్చుని ఏ రోజు, ఎక్కడ, ఏ కార్డు తేవాలి, అన్నీ చక్కగా విడమరిచి చెప్పింది. ఒక్క ముఖాన్నే అంతసేపు ఎవరు చూస్తారని మమత ఆ ముఖం తీసేసింది. మాటల మీద తిరిగే కండెలు, పరుగెత్తే దారాలు, సాయంకాలపు ఎండలో మానేరు నీళ్లు వేసింది. వెనకాల పిల్లనగ్రోవి కలిపింది. అంతా వీడియోలోనే ఉంది కదా అని పేజీలో వేరే రాత కూడా పెట్టలేదు.

పక్క సీటులో పనిచేసే ఇఖ్రా చూసి, "మాటలు కింద అక్షరాలల్ల రావాలె కదా మమతా? వినరానోళ్ల కోసమే కదా గిది," అంది.

"అక్షరాలు పెడితే ఫ్రేమంత గలీజ్ అయితది ఇఖ్రా," అంది మమత. చివర్లో తన పేరు మాత్రం నీటుగా పెట్టుకుని పని ముగించింది. తండ్రికి లింకు పంపి, "చూడు బాపు" అని రెండు మాటలు రాసింది. ఆయన దండం బొమ్మ పంపాడు. తన వంతు తీరిందనుకుంది.

శిబిరం మర్నాడు రాయమల్లు ఫోన్ చేశాడు. "సగం కుర్సీలు ఖాళీ బిడ్డా. మిషన్లు డబ్బాలల్లనే వాపస్ పోయినయి. మల్ల ఎప్పుడొస్తరో చెప్పలే."

"మా బాపు వచ్చిండా?"

"రాలే. డ్యూటీల ఉండె. నువ్వు చెప్పే ఉంటవనుకున్న."

ఆయన మామూలుగానే అన్నాడు. మమతకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఫోన్ పెట్టేసి, శబ్దం పూర్తిగా తీసేసి తన వీడియో తనే చూసుకుంది. కండెలు తిరిగాయి, దారాలు పరుగెత్తాయి, మానేరు మెరిసింది. శిబిరమన్న మాట ఎక్కడా లేదు.

చిన్నప్పుడు అవ్వ సద్ది కట్టిస్తే మమత కార్ఖానాకు తీసుకుపోయేది. సాంచాల చప్పుడులో అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. గుమ్మంలో నిలబడి గొంతు ఎత్తకుండానే "బాపు, పప్పుచారు" అని పెదవులు కదిపితే ఆయన ఆ చివరి నుంచి తలూపేవాడు. ఆయనతో మాట్లాడటానికి ఏనాడూ అరవనక్కర లేకపోయింది, ఎదురుగా ఉంటే సరిపోయేది. డాక్టరమ్మ ముఖం ఉంచినా సిరిసిల్లలో సగం మంది ఆ పెదవులు చదువుకునేవాళ్లు. అక్కడే పుట్టి పెరిగి, ఆ ముఖాన్నే తను కోసి పారేసింది. ఇంకో ఊరిదాన్నయినా కాకపోతినే అనిపించింది.

ఇఖ్రాను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో మళ్లీ చేసింది. డాక్టరమ్మ ముఖం మొదటి నుంచి చివరిదాకా ఉంచింది, ప్రతి మాటా కింద పెద్ద అక్షరాల్లో టైపు చేసింది. కొత్త తేదీ ఇంకా తెలియదు, ఆ చోటు ఖాళీగా వదిలింది. తన పేరు తీసేసింది.

ఆదివారం సిరిసిల్ల బస్సెక్కింది. గడపలోనే పర్శరాములు "వచ్చినవా బిడ్డా" అని కేక పెడితే వీధి వీధంతా తిరిగి చూసింది. ఆమె ఎవరివైపూ చూడలేదు. తండ్రికి ఎదురుగా కూర్చుని గొంతు లేకుండా పెదవులు కదిపింది.

"చెవుల డాక్టర్లు వచ్చింది తెల్వదా బాపు?"

"వాళ్లు పోయినంక తెల్సింది."

"నేను పంపిన వీడియో చూడలేదా?"

"సూడకుంట ఉంటనా? కార్ఖానల అందరికీ సూపిచ్చిన. అది దేని గురించో ఎవలకు సమజ్ గాలే గని, మస్తు తీసినవు. నడుమల లేసి పోతుంటే, ఆగుండ్రి, చివరికి నా బిడ్డ పేరు వస్తదని అందర్ని కూసోవెట్టిన."

ఆ వీడియో మొత్తంలో ఆయన చదవగలిగింది ఆ పేరొక్కటే.

మమత కొత్త వీడియో పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. అయిపోయాక కూడా ఫోన్ వదలకుండా కాసేపు ఎదురుచూశాడు.

"నీ పేరు రాలేదేందే?"

ఎందుకు తీసేసిందో చెప్పడం మొదలుపెట్టింది. హాస్టల్లో అమ్మాయిల నవ్వు, తను ఎత్తని ఫోన్లు, ఇఖ్రాతో అన్న మాట, ఏదీ దాచకుండా ఒళ్లో చేతుల వంక చూస్తూ అంతా చెప్పింది. ఆమె ఆగేదాకా పర్శరాములు ఆమె పాపిట వైపే చూస్తూ కూర్చున్నాడు.

"తల దించుకుంటె నాకెట్ల తెలుస్తది బిడ్డా," అన్నాడు. "మొకం ఇటు వెట్టి చెప్పు."